మొప్పలు ఎర్రగానే ఉన్నాయి

చేప తాజాదో కాదో తేల్చడానికి నాకు ఎవరి సాయమూ అక్కర్లేదు. మొప్ప ఎత్తి చూస్తాను. ఎర్రగా ఉండాలి, జిగురు కారకూడదు. కన్ను పైకి ఉబికి మెరుస్తుండాలి, లోపలికి గుంట పడితే ఆ చేప వద్దు. వేలితో నొక్కితే కండ వెంటనే పైకి లేవాలి. కాకినాడ కుంభాభిషేకం రేవులో మా నాన్న వెనకాల సంచీ పట్టుకుని తిరుగుతూ నేర్చుకున్న చదువు ఇది. వంజరమైనా, చందువైనా, కానాగంతలైనా, ఐసులో ఎప్పట్నుంచి పడుందో చూడగానే చెప్పేదాన్ని. పెళ్లయ్యాక అత్తగారింట్లో కూడా చేపల బేరానికి నన్నే పంపేవాళ్లు. "మా కోడలు చూసిందంటే మళ్లీ చూడక్కర్లేదు" అని మా అత్తగారు నలుగురిలో అనేవారు.

ఆ చదువులో తప్పేమీ లేదు. చేప కుళ్లిందా లేదా అన్న ప్రశ్నకి అది సరైన జవాబే. కానీ చేప గురించి ఎవరు ఏమడిగినా అదే జవాబు చాలుననుకున్నాను. దానివల్ల బాధపడింది నేను కాదు, మా మరిది. అందుకే ఇది రాస్తున్నాను.

మేం టోక్యోలో నిషి కసాయ్‌లో ఉంటాం. ఆ పేటలో మనవాళ్లు బాగానే ఉన్నారు, కందిపప్పుకీ కరివేపాకుకీ లోటు లేదు. మరిది కంపెనీ పని మీద వచ్చి మా ఇంట్లోనే దిగాడు. చేపంటే ప్రాణం పెట్టే మనిషి. "ఇక్కడ పచ్చి చేప తింటారట కదా వదినా, ఒకసారి రుచి చూడాలి" అన్నాడు. ఏదైనా మంచి హోటలుకి తీసుకెళ్తే సరిపోయేది. "హోటలెందుకు, నేనే చేసి పెడతాను" అన్నాను.

షిమె సాబా అని ఇక్కడ ఒక వంటకం ఉంది. సాబా అంటే మన కానాగంతలకి దగ్గరి చుట్టం, ఒళ్లు కాస్త పెద్దది. నడుం ముల్లు తీసేసి, రెండు పక్కల కండనీ విడదీసి, ఉప్పు దట్టంగా పట్టించి గంటా రెండు గంటలు ఉంచుతారు. ఉప్పు కడిగేసి వెనిగర్‌లో నానబెడతారు. అంచులు తెల్లబడతాయి, నడిమి మాత్రం గులాబీ రంగులోనే ఉంటుంది. పైపొర తల దగ్గర్నుంచి మెల్లగా లాగితే ఒలిచినట్టు వచ్చేస్తుంది, దాని కింద వెండిరంగు చారలు బయటపడతాయి. చూడముచ్చటైన వంటకం. పొయ్యి అంటించే పనే లేదు.

ఇక్కడి సూపర్‌మార్కెట్లలో చేపల ప్యాకెట్ల మీద రెండు రకాల స్టిక్కర్లుంటాయి. పచ్చిగా తినేది అని ఒకటి, వండుకునేది అని ఒకటి. నేను చేతిలోకి తీసుకున్న సాబా మీద ఉన్నది రెండోది. చదవడం రాక కాదు, చదివాను. కౌంటర్ దగ్గరున్న పెద్దాయన కూడా "ఇది కాల్చుకునేదండీ, లేదా ఉడికించుకోండి" అని చెప్పాడు. తలూపాను. ఆయన అటు తిరగగానే మొప్ప ఎత్తి చూశాను. మంచి ఎరుపు. కన్ను మెరుస్తోంది. ఇంత తాజా చేపని వండుకునేదాంట్లో కలిపేశారంటే వీళ్లకి చేప చూడటం రాదనుకున్నాను.

ఉప్పూ పులుపూ ఉన్నాయన్న ధైర్యం ఇంకొకటి. ఉప్పు చేప నెలల తరబడి నిలవుంటుంది. ఉప్పు సరిగ్గా పడిన ఆవకాయ ఏడాదైనా చెడదు. అంతసేపు ఉప్పులో ఉండి, మళ్లీ వెనిగర్‌లో నానిన ముక్కలో ఏం బతుకుతుంది? మా అమ్మమ్మనాటి నుంచి వంటింట్లో చూసిందంతా ఈ మాటే చెబుతోంది. అది పచ్చళ్లకి సంబంధించిన జ్ఞానమని, బూజుకీ కుళ్లుకీ విరుగుడే తప్ప పురుగులకి కాదని నాకు తట్టలేదు.

చేప తెచ్చేసరికి పొద్దుపోయింది. కడుపు తియ్యకుండానే ఫ్రిజ్‌లో పెట్టేసి పడుకున్నాను. మర్నాడు పొట్ట కోసి పేగులు లాగాను. కార్జం మీదా పేగుల చుట్టూతా తెల్లటి పోగులు. ఒక్కొక్కటీ గుండ్రంగా చుట్ట చుట్టుకుని, పల్చటి పొర కింద అంటుకుని ఉంది. గోటితో గీకితే ఒకటి ఊడి వచ్చింది, ఉడికిన సేమియా పోగులా ఉంది. కొవ్వో నరమో అనుకున్నానని తర్వాత మా ఆయనతో చెప్పాను గానీ అది పూర్తి నిజం కాదు. నా చెయ్యి ఆగింది. ఏదో తేడాగా ఉందని తెలిసింది. ఆగి కనుక్కుంటే, వండేసి ఉంటే, అక్కడితో అయిపోయేది. కొళాయి కింద పెట్టి కడిగేశాను.

సాయంత్రం అత్తగారు వీడియో కాల్‌లో ఉన్నారు. పళ్లెం చూపించాను.

"పచ్చిదా? వాడికి అలవాటు లేదమ్మా, కాస్త మూకుట్లో వేసి అటూ ఇటూ తిప్పకూడదూ?"

"పచ్చిది కాదత్తయ్యా, ఉప్పులో వెనిగర్‌లో ఊరింది. చేప నేను చూసి తెచ్చింది కదా."

ఆవిడ ఇంకేమీ అనలేదు. నా మీద ఆవిడకున్న నమ్మకాన్ని అడ్డం పెట్టి ఆవిడ నోరు మూయించాను. ఆ పూట మరిది ఇష్టంగా తిన్నాడు. నేనూ తిన్నాను. నాకేమీ కాలేదు.

అర్ధరాత్రి దాటాక తలుపు కొట్టాడు. "వదినా, పొట్టలో మెలిపెట్టేస్తోంది." బొడ్డుకి పైన, గుండెల కింద చెయ్యి అదిమిపెట్టుకుని వంగిపోయి ఉన్నాడు. నొప్పి వస్తోంది, కాసేపటికి సడలుతోంది, మళ్లీ వచ్చేసరికి నోట మాట ఉండట్లేదు. రెండుసార్లు వాంతయింది. కొత్త చోటు, వేళ కాని వేళ తిండి, అజీర్తి చేసిందన్నాను. వాము నమిలించాను, గోరువెచ్చటి నీళ్లు తాగించాను. చేప మాట ఎత్తలేదు. వీడు చెమటలు కక్కుతుంటే అప్పుడు టాక్సీ పిలిచాను. మా ఆయన ఆ రోజు ఒసాకాలో ఉన్నారు.

అత్యవసర విభాగంలో డాక్టరు కుర్రవాడు. పొట్ట మీద చెయ్యి వెయ్యకముందే అడిగాడు: "పచ్చి చేప ఏమైనా తిన్నారా? సాబా, కత్సువొ, స్క్విడ్ లాంటివి?" ఈ దేశంలో పైపొట్టలో హఠాత్తుగా నొప్పి వచ్చిన మనిషిని అడిగే తొలి ప్రశ్నల్లో అది ఒకటి. మరిదికి జపనీస్ రాదు. ఇద్దరూ నా మొహం కేసి చూశారు.

"లేదండీ, అన్నీ వండినవే" అన్నాను.

ఆ మాట నా నోటినుంచి ఎందుకొచ్చిందో ఎన్నోసార్లు నన్ను నేను అడుక్కున్నాను. భయం ఉంది. అత్తగారికి తెలిస్తే ఏమంటారోనని ఉంది. స్టిక్కర్ చదివీ, పెద్దాయన చెప్పీ, అత్తగారు వారించీ వినలేదన్నది బయటపడుతుందని ఉంది. వీటన్నిటికీ కింద ఉన్నది మాత్రం చేప విషయంలో నాకు తెలియనిది ఉండకూడదన్న పట్టుదల. ఒక మనిషి కళ్లెదుట ప్రాణం కొట్టుకుంటుంటే కూడా అది దిగలేదు.

"ఏమడిగారు వదినా?"

"ఏం తిన్నావని అడిగారు. చెప్పాను."

ఆ డాక్టరు నా మాట నమ్మాడు, నమ్మక ఏం చేస్తాడు? పిత్తాశయంలో రాళ్లేమోనని స్కానింగు చేయించాడు. రక్తం తీయించాడు. ఏదీ తేలక, నొప్పికి సూది వేసి, ఆసిడ్‌కి మాత్రలిచ్చి, తగ్గకపోతే పొద్దున రమ్మన్నాడు. మందు ప్రభావం ఉన్నంతసేపు మరిది కళ్లు మూసుకున్నాడు. నేను ఫోన్ తెరిచి సాబా అని, కడుపునొప్పి అని కొట్టాను. ఆరోగ్య శాఖవాళ్ల పేజీ వచ్చింది, అందులో ఫోటో. చేప కార్జం మీద గుండ్రంగా చుట్ట చుట్టుకున్న తెల్లటి పోగులు. నేను కొళాయి కింద కడిగేసినవే. అప్పటికీ, తెల్లారేదాకా ఆగుదామనుకున్నాను. నొప్పి మళ్లీ మొదలయ్యాక గానీ లేవలేదు.

ఎండోస్కోపీ ఉన్న ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడి డాక్టరమ్మ అడక్కముందే చెప్పాను: ఏ చేప, ఎప్పుడు తిన్నాడు, ఎలా చేశాను, పొట్టలో ఏం చూశాను, రాత్రి ఇంకో డాక్టరుకి ఏం అబద్ధం చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. ఒంటి మీద దద్దుర్లు గానీ, ఊపిరి ఆడకపోవడం గానీ ఉందా అని మాత్రం రెండుసార్లు అడిగింది.

తెర మీద నేనూ చూశాను. జీర్ణాశయం గోడ ఒకచోట ఎర్రగా వాచి ఉంది. ఆ వాపు మధ్యలోంచి తెల్లటి సన్నటి పురుగు, తల గోడలో దూర్చి, మిగతా ఒళ్లు బయట కదుల్తోంది. సన్నటి పట్టకారు కెమెరా పక్కనుంచి వచ్చింది. తెగిపోకుండా గోడకి దగ్గరగా పట్టుకుని నిదానంగా లాగారు. చిన్న సీసాలో వేసి చూపించినప్పుడు కూడా అది చుట్ట విప్పుకుంటూ, మళ్లీ చుట్టుకుంటూ ఉంది. రెండు సెంటీమీటర్లుంటుందేమో. అంత మనిషిని మంచం మీద పొర్లించింది అది. తీసేసిన కాసేపటికే మరిది మొహం తేటపడింది.

దాని పేరు అనిసాకిస్. దాని కథ చదివాక నా ఉప్పూ వెనిగర్ల ధైర్యం ఎంత గుడ్డిదో తెలిసింది. ఈ పురుగు పెద్దదై గుడ్లు పెట్టేది తిమింగలాలు, డాల్ఫిన్ల కడుపులో. గుడ్లు వాటి మలంతో సముద్రంలో పడతాయి. పొదిగి బయటపడ్డ పిల్లల్ని రొయ్యని పోలిన చిన్న చిన్న ప్రాణులు తింటాయి, వాటిని చేపలూ స్క్విడ్లూ తింటాయి. చేపలో పురుగు పెరగదు. పొట్టలోని అవయవాల మీద చుట్ట చుట్టుకుని, తన చేపని ఏ తిమింగలం మింగుతుందా అని ఎదురుచూస్తూ ఉంటుంది. మధ్యలో మనిషి తింటే దారి తప్పినట్టే. మన ఒంట్లో అది పెద్దదీ కాలేదు, గుడ్లూ పెట్టలేదు, కొన్నాళ్లకి చచ్చిపోతుంది. చచ్చేలోపు జీర్ణాశయం గోడలోకో, పేగు గోడలోకో తల దూరుస్తుంది. తిమింగలం కడుపులోని ఆమ్లంలో బతకడానికి పుట్టిన ప్రాణిని నేను వంటింటి వెనిగర్‌తో చంపుదామనుకున్నాను. ఉప్పు, వెనిగర్, సోయా సాస్, వసాబి, మనం వంటలో వాడే మోతాదులో ఏవీ దాన్ని చంపవు.

చేప తాజాగా ఉంటే పురుగు ఉండదనుకోవడం ఇంకా పెద్ద పొరపాటు. చేప నీళ్లలో ఉన్నంతకాలం ఈ పురుగులు ఎక్కువగా పొట్టలోని అవయవాల్నే అంటిపెట్టుకుని ఉంటాయి. చేప చచ్చాక కొన్ని అక్కణ్నుంచి పొట్ట కండలోకి దూరతాయి. అందుకే చేప తెచ్చిన వెంటనే కడుపు తీసెయ్యమంటారు. నేను రాత్రంతా వాటికి గడువిచ్చాను. కుంభాభిషేకం రేవులో చేపలామె నా కళ్లెదుటే కత్తిపీట మీద పొట్ట కోసి శుభ్రం చేసి ఇచ్చేది. ఆ పని ఎంత విలువైనదో అప్పుడు తెలియలేదు.

నాకేమీ కాకపోవడం కూడా నన్ను కొంతసేపు మభ్యపెట్టింది. ఒకే చేప ఇద్దరం తిన్నాం కదా, చేపే అయితే నాకూ రావాలి కదా అని. చెడిపోయిన తిండి అయితే పంక్తిలో అందరినీ పట్టుకుంటుంది. ఇది అలా కాదు, పురుగు ఎవరి ముక్కలో ఉంటే వాళ్లకే. 2018లో జపాన్‌లో అనిసాకిస్ వల్ల నమోదైన ఘటనలు 468, రోగులు 478 మంది. అంటే దాదాపు ఘటనకి ఒక మనిషి. పక్కవాళ్లు హాయిగా ఉన్నారంటే తిండి మంచిదని కాదు.

ఈ పురుగుని చంపేది వేడీ, గడ్డకట్టించే చలీ. 60 డిగ్రీల దగ్గర ఒక నిమిషం, 70 దాటితే వెంటనే. లేదంటే మైనస్ 20 డిగ్రీల్లో 24 గంటలకి తగ్గకుండా, ముక్క నడిమి దాకా గడ్డకట్టాలి. ఇంటి ఫ్రీజర్ చాలావరకు మైనస్ 18 దగ్గర తిరుగుతుంటుంది, తలుపు తీసిన ప్రతిసారీ చలి తగ్గుతుంది. ఇంట్లో ఒక రాత్రి పెట్టి సరిపోయిందనుకోవడానికి లేదు.

యూరప్‌లో ఈ జబ్బు గుట్టు బయటపడింది నెదర్లాండ్స్‌లో. తేలిగ్గా ఉప్పు పట్టించిన పచ్చి హెర్రింగ్ చేప అక్కడివాళ్లకి ఇష్టం. అది తిన్నవాళ్లలో కొందరు తట్టుకోలేని కడుపునొప్పితో ఆపరేషన్ బల్ల దాకా వెళ్లారు. వాళ్ల పేగు గోడలో ఉన్నది హెర్రింగ్‌లోని పురుగేనని 1960లో వాన్ తీల్, ఆయనతో పనిచేసినవాళ్లు రాశారు. 1968లో అక్కడి ప్రభుత్వం హెర్రింగ్‌ని ముందు గడ్డకట్టించి తీరాలని నిబంధన తెచ్చింది. జబ్బు తగ్గిపోయింది. చేప రుచి పోయిందని ఎవరూ మానెయ్యలేదు, ఇప్పటికీ తోక పట్టుకుని తింటూనే ఉన్నారు.

జపాన్ వాళ్లు తింటున్నారు కదా అన్నది నా మూడో ధైర్యం. వాళ్లు ఎలా తింటున్నారో మాత్రం కనుక్కోలేదు. హొక్కయిదోలోని ఐనూలు సాల్మన్‌ని చలికాలపు మంచులో గడ్డకట్టించి, సగం కరిగీ కరగకుండానే పల్చగా కోసి తినేవారు, దాన్ని రుయిబె అంటారు. సుషీ హోటళ్లకి వచ్చే ట్యూనా చాలావరకు ఓడలోనే మైనస్ 60 డిగ్రీల చలికి గట్టిపడి వస్తుంది. ఒకప్పుడు జపాన్‌లో సాల్మన్‌ని గడ్డకట్టించకుండా పచ్చిగా తినేవారు కారు, పురుగుల భయమే అందుకు కారణం. 1980ల నుంచి నార్వే పెంపకపు సాల్మన్ వచ్చాక పచ్చిగా తినే అలవాటు పెరిగింది. పెంపకంలో చేపకి వేసేది తయారుచేసిన మేత గనక పురుగు దాని నోటికి చేరే దారి దాదాపు ఉండదు. క్యూషూలోని హకతాలో పచ్చి సాబాకి నువ్వులూ సోయా సాస్ కలిపి తింటారు. జపాన్ సముద్రం వైపు దొరికే సాబాలో ఎక్కువగా ఉండేది పెగ్రెఫీ అనే రకం, అది కండలోకి అంతగా చొరబడదు. పసిఫిక్ వైపు సాబాలో ఉండేది సింప్లెక్స్ రకం, దానికి ఆ అలవాటు ఎక్కువ. హకతాలో కూడా జబ్బు పడేవాళ్లు లేకపోలేదు గానీ, ఒక ఊరివాళ్లు తరతరాలుగా ఒక చేపని పచ్చిగా తింటున్నారంటే వాళ్ల సముద్రం ఏదో, వాళ్ల చేప ఏదో కూడా చూడాలి.

చేపల వల్ల వచ్చే పురుగుల్లో అనిసాకిస్ కనీసం అరిచి చెబుతుంది. కొన్ని గంటల్లో నొప్పి, లాగేస్తే ఉపశమనం. నన్ను ఎక్కువ కలవరపెట్టింది థాయ్‌లాండ్ ఈశాన్యంలోని ఇసాన్ సంగతి. అక్కడి పల్లెల్లో చెరువు చేపల్ని పచ్చిగా తరిగి, నిమ్మరసం, ఆకుకూరలు, కారం కలిపి తింటారు, కోయ్ ప్లా అంటారు. ఆ మంచినీటి చేపల కండలో కాలేయపు ఫ్లూక్ అనే పరాన్నజీవి పిల్లలు కంటికి కనపడనంత చిన్నవిగా ఉంటాయి. తిన్నవాళ్ల పిత్తనాళాల్లో చేరి ఏళ్ల తరబడి ఉండిపోతాయి. నొప్పి ఉండదు, మనిషి పొలం పనికి వెళ్తూనే ఉంటాడు. అక్కడ ఏర్పడ్డ వాపు కొందరిలో పిత్తనాళాల క్యాన్సర్‌గా మారుతుంది. ఒపిస్తార్కిస్ వివెరీనీ అనే ఈ పురుగుని 1994లోనే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. ఖోన్ కేన్ విశ్వవిద్యాలయంలో నరోంగ్ ఖున్తికేవ్ అనే సర్జన్ పనిచేశాడు. ఆయన తల్లీ తండ్రీ ఇద్దరూ ఈ క్యాన్సర్‌తోనే పోయారు. ఆయన ఊరూరా తిరిగి స్కానింగులు చేస్తూ, చేప ఉడికించుకోమని చెబుతూ వచ్చాడు. పురుగుని చంపే మాత్ర ఉంది, ప్రాజిక్వాంటెల్. మాత్ర ఉందన్న ధైర్యంతో మళ్లీ తినేవాళ్లూ ఉన్నారు, మళ్లీ తింటే మళ్లీ వస్తుంది. నిమ్మరసం పిండితే ముక్క తెల్లబడుతుంది, ఉడికినట్టే కనిపిస్తుంది. అక్కడి పెద్దవాళ్లు పులుపు పడింది చాలనుకుంటారని చదివినప్పుడు నాకు నవ్వు రాలేదు. నేను నమ్మిందీ అదే, అదీ స్టిక్కర్ చదివాక.

మన ఇళ్లలో ఈ గొడవ లేదంటే కారణం పులుసు. చింతపండు రసంలో ముక్కలు వేశాక కుతకుతలాడుతూ నూనె పైకి తేలేదాకా మంట తగ్గించం. వేపుడైనా అంతే. ఆ వేడికి ఏ పురుగూ మిగలదు. మా అత్తగారు మూకుట్లో వేసి తిప్పమన్నది ఈ శాస్త్రం తెలిసి కాదు. కానీ సరిగ్గా చెయ్యాల్సింది అదే.

ఇంటికొచ్చాక మరిదికి చెప్పాను. స్టిక్కర్ సంగతి, పొట్టలో చూసిన పోగుల సంగతి, రాత్రి డాక్టరు నిజంగా ఏమడిగాడో, నేనేమన్నానో. చాలాసేపు మాట్లాడలేదు. "చేప సంగతి వదిలెయ్యండి వదినా, తెలియక జరిగింది. డాక్టరు అడిగింది నాకు చెప్పాల్సింది. నోరు నాకు లేదా?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. అత్తగారికి కూడా నేనే ఫోన్ చేసి చెప్పాను, వాడు చెప్పేదాకా ఆగలేదు. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు గానీ, చాలా రోజులు నాతో ఫోన్లో వంటల సంగతి ఎత్తలేదు.

ఆసుపత్రి డాక్టరు ఇంకో మాట చెప్పి పంపింది. ఒకసారి ఈ పురుగు ఒంట్లో చేరినవాళ్లలో కొందరికి దాని ప్రోటీన్లు పడకుండా పోతాయి. ఆ ప్రోటీన్లలో కొన్ని వేడికి కూడా చెడవు. అంటే బాగా ఉడికిన చేపలో చచ్చిన పురుగు ఉన్నా దద్దుర్లు లేవచ్చు, మరీ ముదిరితే ఊపిరి అందకపోవచ్చు. మరిది ఇప్పుడు హైదరాబాద్‌లో ఉన్నాడు, చేప మానలేదు. వెళ్లేముందు ఒక కాగితం మీద అనిసాకిస్ పేరు, ఏ చేప, ఏ ఆసుపత్రిలో తీశారో, తేదీతో సహా ఇంగ్లీషులోనూ తెలుగులోనూ రాసి అతని మెడికల్ ఫైల్లో పెట్టాను. చేప తిన్నాక ఒంటి మీద ఏ తేడా కనిపించినా ముందు ఆ కాగితం డాక్టరు చేతికి ఇమ్మన్నాను.